ఫిల్టర్ చేసిన లోడ్లకే మొత్తం పడాలంటే: యాక్సెస్ ఫారంలో కూడికలకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు చుట్టుపక్కల ధాన్యం బేరం క్వింటాళ్లలో సాగదు, పుట్లలో సాగుతుంది. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ధాన్యం కొనే ఒక ఆఫీసులో నేను కొన్నేళ్లుగా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో లోడ్ల లెక్కలు రాస్తున్నాను. కాటా చీటీ చూసి బరువు ఎక్కించడం, ధర తెగాక ధర ఎక్కించడం, రైతు వచ్చి అడిగినప్పుడు అతని లోడ్లను మాత్రం తెర మీదికి తెచ్చి మొత్తం చెప్పడం నా రోజువారీ పని. వీటిలో మూడోది అన్నిటికంటే తేలికగా కనిపిస్తుంది గాని, తప్పు దొర్లడానికి ఎక్కువ ఆస్కారం ఉన్నది కూడా దానికే.

ఒక ఎడగారు (రెండో పంట) కోతల కాలంలో విడవలూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నారు. ఆయన పేరు ఎంచుకున్నాను, తెర మీద మూడు లోడ్లు వచ్చాయి, కింద ఉన్న మొత్తం చూసి చీటీ రాశాను. ఆయన చీటీని ఒకసారి, తెరను ఒకసారి చూసి, "అబ్బయా, నేను తోలింది మూడు లోళ్లే గదా, ఇంత సొమ్ము ఎట్లా వచ్చింది?" అని అడిగారు. పైన వరుసలు ఆయనవే. కింద పడిన మొత్తం మాత్రం ఆ సీజనులో ఆఫీసుకు వచ్చిన లోడ్లన్నిటిదీ. ఆయన నిజాయితీ వల్ల ఆ పూట తప్పు బయటపడింది. ఫారం, అంటే లోడ్లను చూపే ఆ తెర, తయారు చేసింది నేనే కాబట్టి బాధ్యత కూడా నాదే. అప్పటి నుంచి ఫారం మీద పెట్టే ప్రతి మొత్తం గడిని నేను ఒకే ప్రశ్న అడుగుతున్నాను: ఈ గడి తన వరుసలను ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది? కంటికి కనిపిస్తున్న వరుసల నుంచా, లేక వెనకనున్న పట్టిక నుంచా? ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

ముందుగా ఒక మనవి. చదవడానికి వీలుగా ఫీల్డుల (పట్టికలోని నిలువు వరుసల) పేర్లను, ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఫంక్షన్ల పేర్లను, ఆండ్, ఫారం వంటి యాక్సెస్ సొంత మాటలను మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఉచ్చారణను బట్టి అక్షరాలు తెలియని చోట్ల అక్షరం అక్షరం విడమరిచి చెబుతాను. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మేవారు లోడు అన్నచోట బేలు అనీ, పుట్టి ధర అన్నచోట కిలో ధర అనీ మార్చుకుంటే ఇదే పద్ధతి యథాతథంగా పనికొస్తుంది.

మొదటి మెట్టు: పట్టికలు

నాలుగు పట్టికలు చాలు. ఒకటి ఊళ్లది, ఒకటి వడ్ల రకాలది, ఒకటి రైతులది, నాలుగోది లోడ్లది. లోడ్ల పట్టికలో తేదీ, ఊరు సంఖ్య, రకం సంఖ్య, రైతు సంఖ్య, కిలోలు, పుట్టి ధర, చెల్లింపు అయిందా లేదా అన్న ఫీల్డులు ఉండాలి.

ఊరి పేరును లోడ్ల పట్టికలో నేరుగా టైపు చేయనివ్వకండి. ఫిల్టర్ మొత్తాలు తప్పడానికి నేను చూసిన కారణాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. మన కోవూరు వేరు, గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు వేరు. తొందరలో టైపు చేసేవాళ్లు ఒకదాన్ని ఇంకోటిగా కొట్టేస్తారు. బుచ్చిరెడ్డిపాళెం అన్న పేరును పాళెం, పాలెం, పాళ్యం అని మూడు రకాలుగా రాసినవారిని చూశాను. తెలుగు కీబోర్డుల్లో అక్షరాలను విడదీయడానికి వాడే, కంటికి కనిపించని గుర్తు ఒకటి మధ్యలో పడితే రెండు పేర్లు చూడడానికి ఒకేలా ఉంటాయి గాని, కంప్యూటరు వాటిని వేర్వేరు పేర్లుగా లెక్కించవచ్చు. అప్పుడు ఫిల్టర్ సరిగానే పనిచేస్తుంది, మొత్తం మాత్రం రెండు లోడ్లు తక్కువ చూపుతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఊళ్ల పట్టికలో పేరు ఒక్కసారే రాసి, లోడ్ల పట్టికలో దాని సంఖ్యను మాత్రమే ఉంచితే ఈ చిక్కు పుట్టదు.

తెలుగులో పనిచేసేవారికి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. యాక్సెస్ పట్టికలు, క్వెరీలు, ఫారాలు తెలుగు అక్షరాలను చక్కగా చూపుతాయి. కోడు రాసే విజువల్ బేసిక్ కిటికీ మాత్రం చూపదు, అక్కడ తెలుగు అక్షరాలు ప్రశ్న గుర్తులుగా మారిపోతాయి. అందువల్ల ఫీల్డులకు, గడులకు అసలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, తెర మీద కనిపించే శీర్షికలను మాత్రం క్యాప్షన్ ద్వారా తెలుగులో పెట్టుకోవడం మంచిది. ఊరు పేరుతో కాక ఊరు సంఖ్యతో ఫిల్టర్ చేయడంలో ఉన్న రెండో లాభం ఇదే: కోడులో ఒక్క తెలుగు అక్షరం కూడా రాయాల్సిన అవసరం ఉండదు.

రెండో మెట్టు: సొమ్మును క్వెరీలోనే కట్టడం

ఫారానికి ఆధారంగా పట్టికను నేరుగా పెట్టకుండా ఒక క్వెరీ, అంటే పట్టికల నుంచి కావలసిన వరుసలను తెచ్చే ప్రశ్న, రాసుకోండి. లోడ్ల ఫీల్డులన్నీ తెచ్చుకున్న తరవాత ఒక కొత్త నిలువు వరుసలో సొమ్మును లెక్కకట్టండి. సూత్రం మొదట ఇలా ఉంటుంది:

సొమ్ము: [కిలోలు]*[ధర]/850

సొమ్మును క్వెరీలో కట్టడానికి గట్టి కారణం ఉంది. చాలామంది ఫారంలోనే ఒక గడి పెట్టి, అందులో ఈ గుణకారం రాసి, కింద ఆ గడి పేరుతో సమ్, అంటే కూడిక ఫంక్షన్, వేస్తారు. అది ఎర్రర్ చూపుతుంది, ఎందుకంటే సమ్ ఫంక్షన్‌కు ఫీల్డులు తెలుసు గాని గడులు తెలియవు. ఫారం మీది గడి తెర మీద బొమ్మ లాంటిది. దాని వెనక ప్రతి వరుసకూ వేరే విలువ నిలవ ఉండదు. గుణకారాన్ని క్వెరీలో చేస్తే ఫలితమే ఒక ఫీల్డు అవుతుంది, సమ్ దాన్ని గుర్తిస్తుంది.

ఇక ధర తెగని లోడ్ల సంగతి. వడ్లు దిగుతాయి, తేమ చూస్తారు, ధర రెండు రోజుల తరవాత తెగుతుంది. అప్పటిదాకా ధర ఫీల్డు ఖాళీగా ఉంటుంది, ఖాళీతో గుణించిన ఫలితం కూడా ఖాళీయే అవుతుంది. సమ్ ఖాళీలను వదిలేసి మిగతావి కూడుతుంది, కాబట్టి కూడిక వరకు ఇబ్బంది లేదు. రూపాయల రకంలోకి మార్చే ఫంక్షన్‌ను, అంటే సీ, సీ, యూ, ఆర్ అనే నాలుగు అక్షరాల దాన్ని, ఖాళీ విలువ మీద వాడితే మాత్రం ఆ వరుసలో ఎర్రర్ పడుతుంది. ఒక్క వరుసలో ఎర్రర్ ఉన్నా కింద మొత్తం గడి కూడా ఎర్రర్ అయిపోతుంది. అందుకని ముందు ఖాళీని సున్నాగా మార్చే ఫంక్షన్‌ను, ఎన్, జెడ్ అనే రెండక్షరాల దాన్ని, లోపల వాడాలి:

సొమ్ము: సీకర్(ఎన్‌జెడ్([కిలోలు]*[ధర]/850,0))

కరెన్సీ రకంలోకి మార్చడం అలంకారం కోసం కాదు. మామూలు దశాంశ సంఖ్యల్లో కంప్యూటరు లోపల అతిసూక్ష్మమైన తేడాలు నిలిచి, వందల వరుసలు కూడేసరికి పైసల్లో బయటపడతాయి. కరెన్సీ రకం నాలుగు దశాంశ స్థానాలను కచ్చితంగా నిలుపుతుంది.

రూపాయికి సర్దుబాటు

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే రైతుకూ ఆఫీసుకూ మధ్య మాట పట్టింపు వచ్చేది రూపాయి దగ్గరే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు. పుట్టి ఎనిమిదిన్నర క్వింటాళ్లు కాబట్టి పుట్టి ధర 20,136.50 అవుతుంది. దశాంశాలు కనిపించకుండా ఫార్మాట్ పెడితే తెర మీద ఆ వరుస 20,137గా కనిపిస్తుంది. అలాంటి వరుసలు మూడు ఉన్నాయనుకోండి. రైతు వేళ్ల మీద లెక్కపెట్టి 60,411 అంటాడు. యాక్సెస్ మాత్రం యాభై పైసలతో సహా కూడి 60,409.50 తెచ్చి, దాన్ని 60,410గా చూపుతుంది. ఒక్క రూపాయే తేడా, కాని ఆ ఒక్క రూపాయి వల్ల మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

దీనికి పరిష్కారం వరుసలోనే సర్దుబాటు చేయడం. అయితే రౌండ్ అనే ఫంక్షన్‌ను గుడ్డిగా నమ్మకండి. సరిగ్గా యాభై పైసలు ఉన్నప్పుడు అది పైకి కాక దగ్గరి సరి సంఖ్య వైపు సర్దుతుంది. అంటే 20,136.50ను 20,137 చేయదు, 20,136 చేస్తుంది. బ్యాంకుల లెక్కలకు ఆ పద్ధతికి కారణాలు ఉండవచ్చు గాని, మన కొట్టుల్లో యాభై పైసలు దాటినా, సమానమైనా పై రూపాయికే సర్దుతాం. అందుకని అర్ధ రూపాయి కలిపి పూర్ణాంకం తీసుకునే పాత ఉపాయమే మేలు:

సొమ్ము: ఇంట్(సీకర్(ఎన్‌జెడ్([కిలోలు]*[ధర]/850,0))+0.5)

ఇప్పుడు తెర మీద కనిపించే అంకె, కూడికలోకి వెళ్లే అంకె ఒకటే. ఈ పద్ధతిని ఆఫీసులో ముందే అందరూ ఒప్పుకొని సీజను మొదట్లోనే పెట్టుకోవాలి. సీజను మధ్యలో మారిస్తే పాత చీటీలతో పొత్తు కుదరదు.

మూడో మెట్టు: ఫారం, దాని ఫుటర్

ఈ క్వెరీ ఆధారంగా కంటిన్యుయస్ ఫారం తయారు చేయండి, అంటే వరుసలన్నీ ఒకదాని కింద ఒకటి కనిపించేది. డిజైన్ వ్యూలో ఫారం మీద మౌసు కుడి బటన్ నొక్కి ఫారం హెడర్ (పై పట్టీ), ఫుటర్ (కింది పట్టీ) తెరవండి. అక్కడే పేజ్ హెడర్, ఫుటర్ అన్న ఇంకో జత ఉంటుంది. అందులో సమ్ వేస్తే ఎర్రరే వస్తుంది. మొత్తాలకు ఫారం ఫుటరే చోటు.

ఫుటర్‌లో ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, దాని కంట్రోల్ సోర్సులో, అంటే గడిలో ఏం చూపాలో చెప్పే ప్రాపర్టీలో, ఇలా రాయండి:

=ఎన్‌జెడ్(సమ్([సొమ్ము]),0)

ఆ గడికి పేరు పెట్టేటప్పుడు సొమ్ము అని పెట్టకండి. ఫీల్డుల జాబితా నుంచి లాక్కొచ్చి పెట్టిన గడికి యాక్సెస్ తానే ఫీల్డు పేరు పెట్టేస్తుంది. తరవాత మీరు దాని సోర్సును సమ్‌గా మారిస్తే గడి తనలో తననే వెతుక్కుంటూ ఎర్రర్ చూపుతుంది. మొత్తం_సొమ్ము వంటి వేరే పేరు పెడితే ఆ బెడద ఉండదు. ఇలాగే పుట్ల మొత్తానికి కిలోలను కూడి 850తో భాగించే గడి ఒకటి, లోడ్ల సంఖ్యకు కౌంట్ గడి ఒకటి పెట్టండి. కౌంట్ బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు వేస్తే వరుసలన్నీ లెక్కకు వస్తాయి, ఫీల్డు పేరు వేస్తే ఆ ఫీల్డు ఖాళీగా లేని వరుసలే వస్తాయి. ఈ తేడాతోనే ఒక మంచి పని జరుగుతుంది:

=కౌంట్(*)-కౌంట్([ధర])

ఇది ధర తెగని లోడ్లు ఎన్నో చెబుతుంది. సొమ్ము గడి పక్కనే దీన్ని పెట్టి, తెలుగులో "ధర తెగనివి" అని శీర్షిక రాయండి. మొత్తం సొమ్ములో అవి కలవలేదన్న సంగతి చూసేవాళ్లకు అప్పటికప్పుడు తెలుస్తుంది.

ఫుటర్‌లోని సమ్‌కు ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, అది ఫారం చేతిలో ఆ క్షణాన ఉన్న వరుసలనే కూడుతుంది. మీరు కుడి బటన్ నొక్కి ఫిల్టర్ చేసినా, కోడుతో చేసినా, ఒకదాని మీద ఒకటి రెండు ఫిల్టర్లు పెట్టినా, ఫిల్టర్ తీసేసినా అది తనంతట తాను మారుతుంది. ఎక్సెల్ వాడినవారికి సబ్‌టోటల్ ఫంక్షన్ గుర్తొస్తుంది. అక్కడ మామూలు సమ్ ఫిల్టర్ దాచిన వరుసలను కూడా కూడుతుంది, సబ్‌టోటల్ ఫిల్టర్‌లో మిగిలినవే కూడుతుంది. యాక్సెస్ ఫారం ఫుటర్‌లో మాత్రం మామూలు సమ్మే ఆ పని చేస్తుంది.

కొత్త వరుసలో బరువు మార్చిన వెంటనే కింద మొత్తం మారలేదని కంగారు పడకండి. వరుస పక్కన పెన్సిల్ గుర్తు ఉన్నంతసేపు అది సేవ్ కానట్టే, సేవ్ కాని మార్పును సమ్ లెక్కలోకి తీసుకోదు. ఇంకో వరుసలోకి వెళ్తే సేవ్ అయి మొత్తం మారుతుంది.

నాలుగో మెట్టు: ఫిల్టర్ పెట్టే గడులు

ఫారం హెడర్‌లో మూడు కాంబో బాక్సులు, అంటే జాబితా నుంచి ఎంచుకునే గడులు, పెట్టండి: ఊరికి, రకానికి, రైతుకు. వీటి కంట్రోల్ సోర్సు ఖాళీగా ఉండాలి. పొరపాటున ఏదైనా ఫీల్డుకు కట్టేస్తే, మీరు ఊరు ఎంచుకున్నప్పుడల్లా తెర మీదున్న లోడు ఊరే మారిపోతుంది. ఆ నష్టాన్ని తరవాత వెతికి సరిచేయడం చాలా కష్టం. కాంబోలో మొదటి నిలువు వరుసగా సంఖ్య, రెండోదిగా పేరు పెట్టి, సంఖ్య వెడల్పును సున్నా చేస్తే కంటికి పేరే కనిపిస్తుంది, విలువగా సంఖ్యే ఉంటుంది.

మూడు కాంబోల ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంటు (ఎంపిక మారగానే జరిగేది) నుంచీ ఒకే ప్రొసీజరును (కోడు ముక్కను) పిలవండి. ఆ ప్రొసీజరు చేసే పని ఇది. ఖాళీ షరతుతో మొదలుపెడుతుంది. ఊరు కాంబో ఖాళీగా లేకపోతే, రెండు వైపులా ఖాళీ వదిలిన ఆండ్ అనే మాటతో మొదలయ్యేలా ఊరు సంఖ్య షరతును తగిలిస్తుంది. రకానికీ రైతుకూ అలాగే చేస్తుంది. చివరికి షరతు మొదట్లో అనవసరమైన ఆండ్ ఒకటి మిగులుతుంది. ఖాళీలతో కలిపి అది ఐదు అక్షరాలు, కాబట్టి మిడ్ ఫంక్షన్‌తో ఆరో అక్షరం నుంచి తీసుకుంటే సరిపోతుంది. ఆ తరవాత షరతును ఫారం ఫిల్టర్ ప్రాపర్టీలో పెట్టి, షరతు పొడవు సున్నా కంటే ఎక్కువైతే ఫిల్టర్ ఆన్ ప్రాపర్టీని నిజం చేయాలి, లేకపోతే అబద్ధం చేయాలి. ఈ రెండు ప్రాపర్టీలు వేరని గుర్తుంచుకోండి. ఫిల్టర్ అంటే షరతు, ఫిల్టర్ ఆన్ అంటే ఆ షరతు అమలులో ఉందా లేదా అన్నది. ఫిల్టర్ తీసేసిన తరవాత కూడా పాత షరతు అక్కడే పడి ఉంటుంది. దీని సంగతి డీసమ్ అనే ఇంకో కూడిక ఫంక్షన్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఫారాన్ని డిజైన్‌లో సేవ్ చేసేటప్పుడు ఏదైనా ఫిల్టర్ అమలులో ఉంటే అది ఫారంతో పాటే నిలవ అయిపోతుంది. ఫిల్టర్ ఆన్ లోడ్ అనే ప్రాపర్టీని నో అని ఉంచితే పొద్దున్నే ఫారం తెరిచినప్పుడు నిన్నటి రైతు లోడ్లు, నిన్నటి మొత్తం కనిపించవు.

సగటు ధర, బాకీ లెక్క

సగటు పుట్టి ధర ఎంత పడింది అని యజమాని అడిగితే చాలామంది ఏవీజీ ఫంక్షన్‌తో ధర ఫీల్డు సగటు తీసి చెబుతారు. అది తప్పు. ఒక ఊరి నుంచి రెండు లోడ్లు వచ్చాయనుకుందాం. మొదటిది 12 పుట్లు, పుట్టి 19,000. రెండోది 3 పుట్లు, పుట్టి 21,500. ఏవీజీ చెప్పే సగటు 20,250. అసలు చెల్లించేది 2,28,000 కి 64,500 కలిపితే 2,92,500, పుట్లు 15, అంటే పుట్టికి పడింది 19,500. పుట్టికి 750 తేడా, పదిహేను పుట్లకు 11,250. పన్నెండు పుట్ల లోడుకు, మూడు పుట్ల లోడుకు సమానమైన బరువు ఇవ్వడం వల్ల వచ్చిన తప్పు ఇది. కాబట్టి ఫుటర్‌లో సొమ్ముల కూడికను పుట్ల కూడికతో భాగించాలి. పుట్లు సున్నా అయితే భాగహారం ఎర్రర్ ఇస్తుంది కాబట్టి ఐ, ఐ, ఎఫ్ అనే మూడక్షరాల ఫంక్షన్‌తో ముందు ఆ సంగతి చూసుకోవాలి:

=ఐఐఎఫ్(ఎన్‌జెడ్(సమ్([కిలోలు]),0)=0,0,సమ్([సొమ్ము])*850/సమ్([కిలోలు]))

ధర తెగని లోడ్ల కిలోలు కింద కలిస్తే ఈ సగటు తగ్గి కనిపిస్తుందని గమనించే ఉంటారు. వాటిని మినహాయించాలంటే కిలోల కూడికలోనూ షరతు పెట్టాలి. సమ్ లోపల ఐఐఎఫ్ పెట్టడం పూర్తిగా చెల్లుబాటు అవుతుంది. ధర ఖాళీగా ఉంటే సున్నా, లేకపోతే కిలోలు అని రాయండి.

బాకీ లెక్కకూ ఇదే ఉపాయం. ఇంకా చెల్లించాల్సిన సొమ్ము కావాలంటే:

=సమ్(ఐఐఎఫ్([చెల్లింపు],0,[సొమ్ము]))

ఊరు ఎంచుకుంటే ఆ ఊరి బాకీ, రైతును ఎంచుకుంటే ఆ రైతు బాకీ అదే గడిలో పడుతుంది. చెల్లింపు అయిన లోడ్లు ఎన్నో తెలుసుకోవడానికి చెల్లింపు ఫీల్డునే కూడితే ఏడుకు బదులు మైనస్ ఏడు అని వస్తుంది, ఎందుకంటే యాక్సెస్‌లో యెస్ విలువ మైనస్ ఒకటి. ముందు మైనస్ గుర్తు పెట్టి కూడితే సరిపోతుంది.

ఐదో మెట్టు: తేదీల మధ్య మొత్తం

తేదీల దగ్గర మన దేశంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం పొంచి ఉంది. మనం రోజు, నెల, ఏడాది వరుసలో రాస్తాం. ఫిల్టర్ షరతులో హాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని యాక్సెస్ మాత్రం, విండోస్ సెట్టింగు ఏదైనా సరే, నెల ముందు, రోజు తరవాత అని చదువుతుంది. మీరు 2025 మార్చి 5 అనుకొని 05/03/2025 ఇస్తే అది మే 3 అనుకుంటుంది. అదే 15/03/2025 ఇస్తే పదిహేనో నెల లేదు కాబట్టి మార్చి 15 అనే తీసుకుంటుంది. అందువల్ల నెలలో మొదటి పన్నెండు రోజులకే తప్పు వస్తుంది, మిగతా రోజుల్లో అంతా బాగానే ఉంటుంది. ఇరవయ్యో తేదీన ఫారం పరీక్షించి బాగుందని తేల్చినవారికి ఈ తప్పు కనబడదు. అందుకే ఇది మామూలు తప్పుల కంటే చెడ్డది.

మందు సులువే. తేదీని షరతులోకి ఎక్కించేటప్పుడు ఫార్మాట్ ఫంక్షన్‌తో ఏడాది నాలుగంకెలు, నెల రెండంకెలు, రోజు రెండంకెలు వచ్చేలా, మధ్యలో అడ్డగీతలతో రాయించండి. 2025-03-05 అని ఇస్తే దాన్ని రెండు రకాలుగా చదవడానికి వీలే ఉండదు.

రెండో జాగ్రత్త ఆఖరి రోజు గురించి. తేదీ ఫీల్డుకు డిఫాల్టు విలువగా నౌ (ఆ క్షణపు తేదీ, సమయం ఇచ్చే ఫంక్షన్) పెట్టి ఉంటే తేదీతో పాటు గంటలు, నిమిషాలు కూడా నిలవ అవుతాయి. అప్పుడు మార్చి 1 నుంచి మార్చి 31 మధ్య అని అడిగితే, 31వ తేదీ పొద్దున పదింటికి దిగిన లోడు జారిపోతుంది, ఎందుకంటే హద్దు ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే ఆగుతుంది. ఆఖరి తేదీకి ఒక రోజు కలిపి, దానికంటే తక్కువ అని షరతు రాయండి.

డీసమ్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

నేను మొదట చెప్పిన విడవలూరు రైతు చీటీ తప్పుకు కారణం డీసమ్. అది పట్టిక దగ్గరికి సొంతంగా వెళ్లి కూడుకొస్తుంది. ఫారం మీద ఏ ఫిల్టర్ ఉందో దానికి తెలియదు. షరతు ఇవ్వకపోతే పట్టిక మొత్తం కూడుతుంది. దానికి షరతుగా ఫారం ఫిల్టర్‌నే ఇస్తే సరి కదా అని తోస్తుంది, నేనూ అలాగే చేశాను. రెండు చోట్ల దెబ్బ తగిలింది. ఒకటి, ఫిల్టర్ తీసేసినా పాత షరతు నిలిచి ఉండడం వల్ల వరుసలన్నీ కనిపిస్తున్నా మొత్తం మాత్రం పాత రైతుదే వచ్చింది. ఫిల్టర్ ఆన్ కూడా చూసి షరతు ఇస్తే ఇది పోతుంది. రెండోది ఇంకా లోతైనది. వరుసలో ఉన్న కాంబో బాక్సు మీద కుడి బటన్ నొక్కి ఎవరైనా ఫిల్టర్ చేస్తే, యాక్సెస్ ఆ షరతును లుకప్ అనే మాటతో మొదలయ్యే తన సొంత మారుపేరుతో రాసుకుంటుంది. ఆ పేరు ఫారానికి అర్థమవుతుంది గాని డీసమ్‌కు అర్థం కాదు, అప్పుడు ఎర్రర్ పడుతుంది.

కాబట్టి ఫిల్టర్‌తో పాటు మారాల్సిన మొత్తం ఫుటర్ సమ్‌తోనే రావాలి. డీసమ్‌కు వేరే స్థానం ఉంది: ఫిల్టర్ ఏదైనా మారకూడని మొత్తానికి. ఈ ఊరి లోడ్లు సీజను మొత్తంలో ఎంత వంతు అని చూపాలంటే ఒక గడిలో ఫుటర్ సమ్, పక్కన డీసమ్ పెట్టి, "చూపినవి", "సీజను మొత్తం" అని స్పష్టంగా శీర్షికలు రాయండి. శీర్షిక లేని మొత్తం గడిని ఫారం మీద ఉంచకపోవడం నా నియమం.

రైతు ఫారంలో లోడ్ల సబ్‌ఫారం

రైతు వివరాలు పైన, అతని లోడ్లు కింద సబ్‌ఫారంగా పెట్టుకునేవారు మొత్తాన్ని పై ఫారంలో చూపాలనుకుంటారు. ముందు సబ్‌ఫారం ఫుటర్‌లో సమ్ గడి పెట్టండి. సబ్‌ఫారం డేటాషీట్ రూపంలో ఉంటే ఫుటర్ కనిపించదు గాని లెక్క లోపల జరుగుతూనే ఉంటుంది. పై ఫారం గడిలో సబ్‌ఫారం పేరు, ఫారం అన్న మాట, గడి పేరు వరుసగా రాయాలి:

=[లోడ్ల_చట్రం].[ఫారం]![మొత్తం_సొమ్ము]

మొదటి పేరు సబ్‌ఫారాన్ని పట్టి ఉంచే చట్రం పేరు, నావిగేషన్ జాబితాలో కనిపించే ఫారం పేరు కాదు. రెండూ ఒకటే అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. ప్రాపర్టీ షీటులో చూసి రాయండి. రైతుకు ఇంకా లోడ్లేవీ లేక, సబ్‌ఫారంలో కొత్త వరుసలు చేర్చడాన్ని ఆపి ఉంటే పై గడిలో ఎర్రర్ పడుతుంది. ఎన్‌జెడ్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఖాళీ విలువ కాదు, విలువే లేకపోవడం. సబ్‌ఫారం రికార్డ్‌సెట్‌లోని రికార్డ్ కౌంట్ సున్నా కంటే ఎక్కువైతేనే మొత్తం తెచ్చుకోమని ఐఐఎఫ్ పెట్టడమే దారి.

సరిచూసుకోవడం, చీటీ తీయడం

కొత్త ఫారాన్ని పనిలోకి దించే ముందు ఒక పూట దీనికే కేటాయించండి. అదే క్వెరీని డేటాషీట్‌గా తెరిచి, హోమ్ ట్యాబ్‌లో సిగ్మా గుర్తుతో ఉన్న టోటల్స్ నొక్కితే అడుగున మొత్తం వరుస వస్తుంది. యాక్సెస్ 2007 నుంచి ఈ సౌకర్యం ఉంది. అందులో ఒక ఊరికి ఫిల్టర్ పెట్టి, ఫారంలోనూ అదే ఊరు పెట్టి, రెండు మొత్తాలు పోల్చండి. తరవాత ఊరి వారీగా గ్రూప్ బై క్వెరీ రాసి, అన్ని ఊళ్ల మొత్తాల కూడిక ఫిల్టర్ లేని ఫారం మొత్తంతో సమానమో కాదో చూడండి. తేడా వస్తే ఎక్కువసార్లు ఊరు సంఖ్య ఖాళీగా ఉన్న లోడ్లే కారణం అవుతాయి. ధర లేని లోడు ఒకటి, యాభై పైసల లోడు ఒకటి, నెల మొదటి వారం తేదీ ఒకటి, నెల ఆఖరి రోజు తేదీ ఒకటి, లోడ్లు లేని రైతు ఒకరు మీ పరీక్షలో తప్పనిసరిగా ఉండాలి.

లిబ్రెఆఫీస్ బేస్ అనే ఉచిత డేటాబేస్ ప్రోగ్రాం వాడేవారికి ఫారం ఫుటర్‌లో సమ్ వేసే ఈ సదుపాయం లేదు. అక్కడ ఒకే వరుస ఉన్న చిన్న ఫిల్టర్ పట్టిక పెట్టుకుని, ఎంచుకున్న ఊరు, తేదీలు అందులో నిలవ చేయాలి. లోడ్లు చూపే క్వెరీ, మొత్తం కట్టే క్వెరీ రెండూ ఆ ఒక్క వరుసనే షరతుగా తీసుకోవాలి. ఎంపిక మార్చాక రెండు ఫారాలనూ రిఫ్రెష్ చేయాలి. పని కొంచెం ఎక్కువే గాని, వరుసలకూ మొత్తానికీ షరతు ఒకే చోటి నుంచి రావడం వల్ల అవి ఎన్నడూ విడిపోవు.

ఆఖరి పని చీటీ. ఫారం మీద చూపిన లోడ్లనే అచ్చు వేయడానికి అదే క్వెరీ మీద ఒక రిపోర్టు తయారు చేసి, రిపోర్టు ఫుటర్‌లో అదే సమ్ వేయండి. బటన్ నొక్కినప్పుడు ముందు వరుసను సేవ్ చేయించి, ఫిల్టర్ ఆన్ అయి ఉంటే ఫారం ఫిల్టర్‌ను ఓపెన్ రిపోర్ట్ ఆదేశంలోని వేర్ కండిషన్‌గా పంపండి. లేకపోతే రైతును ఎంచుకోమని సందేశం చూపి ఆపేయండి. కాంబో మీద కుడి బటన్‌తో చేసిన ఫిల్టర్ ఇక్కడా అడ్డుపడుతుంది కాబట్టి, మా ఆఫీసు ఫారంలో షార్ట్‌కట్ మెనూను నో చేసి, హెడర్ కాంబోలతోనే ఫిల్టర్ చేసేలా పెట్టాను. చీటీ మీద మొత్తం పక్కన లోడ్ల సంఖ్య, పుట్లు, ధర తెగనివి ఎన్నో కూడా అచ్చవుతాయి. రైతు సంతకం పెట్టే ముందు చీటీలోని లోడ్ల సంఖ్యను తన దగ్గరున్న కాటా చీటీలతో ఒకసారి లెక్కపెట్టుకోమని నేనే అడుగుతాను.